నలుగురు కస్టమర్ల వీధి

"హలో మిస్టర్! మూడు రోజుల్నుంచి చూస్తున్నా. ఆడపిల్ల పనిచేసే షాపు ముందు నిలబడి టిక్కు టిక్కుమనిపిస్తున్నారు. ఏంటి మీ సంగతి?"

సగం దించిన షట్టరు కిందనుంచి వంగి బయటికొచ్చి మరీ అడిగింది. తడిసిన ఏప్రన్, ముక్కు మీద తెల్లటి పొడి, కళ్లల్లో నిప్పులు. నేను చేతిలోని లెక్కపెట్టే కౌంటరును వీపు వెనక దాచుకున్నాను. దొంగలా ఎందుకు దాచానో నాకే తెలియదు.

"డ్యూటీ అండీ. నగర ఆర్థికాభివృద్ధి సంస్థ నుంచి వచ్చాను. ఇక్కణ్ణుంచైతే వీధంతా కనిపిస్తుందని నిలబడ్డాను. షాపుల్లోకి ఎంతమంది కస్టమర్లు వెళ్తున్నారో లెక్కపెట్టాలి. బాగా నడిచే వీధులకి లైట్లు, ఫుట్‌పాత్‌లు, తక్కువ వడ్డీకి లోన్లు ఇస్తాం. స్థానిక వ్యాపారాన్ని ప్రోత్సహించడమే మా..."

"చాల్లెండి, పాఠం బాగానే బట్టీ పట్టారు. ఇంతకీ ఎంతమందొచ్చారు?"

"నలుగురు."

"అందులో ఇద్దరు అడ్రసు అడగడానికొచ్చారు. ఒకాయన మా నాన్న."

"మరి నాలుగో ఆయన?"

"అదీ మా నాన్నే. టీ తాగి తిరిగొచ్చారు."

నవ్వు ఆపుకోలేకపోయాను. సరిగ్గా అప్పుడే టపటపా వాన మొదలైంది. నన్నలాగే తడవనిస్తుందనుకున్నాను.

"లోపలికి రండి. మీకు జ్వరమొస్తే ఆ పాపం కూడా మా నెత్తినే వేస్తారు" అంది.

లోపల కళ్లద్దాల లెన్సులు సాన పడుతున్నారు. ఆ వీధిలోని ఇరవై రెండు షాపుల్లోనూ అదే పని. దుమ్ము పడితే అద్దం మీద గీతలు పడతాయి కాబట్టి ముందు షట్టర్లు ఎప్పుడూ సగం దించే ఉంటాయి. సరుకు రాకపోకలన్నీ వెనక సందులోంచే. నగరంలోని కళ్లద్దాల షాపులు ఫ్రేమునీ పవరు చీటీనీ ఒక ట్రేలో పెట్టి పంపితే, వీళ్లు లెన్సు కోసి, సాన పట్టి, బిగించి పంపుతారు. వెనక గదిలో ఆ ట్రేలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి.

ఆమె ఓపిగ్గా అన్నీ చూపించింది. వాళ్ల నాన్నగారు ఒక లెన్సును వెలుతురుకెత్తి చూసుకుంటూనే నాకు టీ పోయించారు. నేను బుద్ధిమంతుడిలా తలూపుతూ ఆమె ముక్కు మీది పొడి వైపే చూస్తూ కూర్చున్నాను.

"ఇదంతా రాస్తారుగా?"

"తప్పకుండా రాస్తానండీ."

రాయలేదు! ఫారంలో ఉన్నది ఒక్కటే గడి: 'ముందు తలుపు ద్వారా ప్రవేశించిన కొనుగోలుదారుల సంఖ్య'. అందులో నాలుగు అని వేసి, కింద సంతకం గీకి, ఈల వేసుకుంటూ ఇంటికెళ్లిపోయాను. ఇప్పటికీ తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మూడు వారాల తర్వాత ఆమె మా ఆఫీసుకొచ్చింది. నా కోసమే వచ్చిందని ఒక్క క్షణం పొంగిపోయాను. నిజంగానే నా కోసమే వచ్చింది. గోడ మీంచి చింపుకొచ్చిన నోటీసును నా బల్ల మీద ఫట్‌మని కొట్టింది. దాని వెనక జిగురింకా తడిగానే ఉంది.

'వ్యాపార కార్యకలాపాలు లేని వీధి. లీజులు పొడిగించబడవు. ఈ స్థలంలో పార్కింగ్ సముదాయం నిర్మించబడును.'

"వెనక గది చూపించానా లేదా?"

"చూపించారు."

"ట్రేలు చూశారా లేదా?"

"చూశానండీ. కానీ ఫారంలో ఆ గడి లేదు..."

"గడి లేకపోతే పోయింది, మీకు నోరు కూడా లేదా?"

ఆఫీసంతా తలలెత్తి చూసింది. ఆమె నోటీసు మీద వేలితో పొడిచింది. "ఇరవై రెండు కుటుంబాలండీ. మా నాన్న పదహారో ఏట ఆ మిషను ముందు కూర్చున్నారు. నెలాఖరుకి ఖాళీ చేయాలట. మా టీ తాగి వెళ్లి ఈ పని చేస్తారా?"

సమాధానం కోసం ఆగకుండా వెళ్లిపోయింది. నేను నేరుగా డైరెక్టరుగారి గదిలోకి వెళ్లాను. ఆయన పార్కింగ్ సముదాయం బొమ్మ చూసుకుంటూ మురిసిపోతున్నారు. బొమ్మలో చెట్లు, బెలూన్లు పట్టుకున్న పిల్లలు! కార్లు పెట్టుకునే చోట బెలూన్లెందుకో ఆ గీసినవాడికే తెలియాలి.

"సార్, నా లెక్క తప్పు. మళ్లీ సర్వే చేద్దాం."

"పైకి వెళ్లిన లెక్క మారదయ్యా. మారిస్తే ముందు పోయేది నీ కాంట్రాక్టు ఉద్యోగమే. అయినా జనం కనిపించని చోట డెవలప్‌మెంట్ ఏం చేస్తాం?"

ఒళ్లు మండిపోయింది. చిన్న వ్యాపారాన్ని పెంచడానికి పెట్టిన ఆఫీసు అది! గోడ నిండా అవే నినాదాలు. ఆ నినాదాల కింద కూర్చుని, ఉన్న వ్యాపారాన్ని తీసి పారేసి పార్కింగ్ కడతారట.

శుక్రవారం అభ్యంతరాల విచారణ జరిగింది. మధ్య కుర్చీలో కమిషనర్ మేడమ్, పక్కన మా డైరెక్టరుగారు. ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారు లేచి నిలబడ్డారు కానీ, పదహారో ఏట మిషను ముందు కూర్చున్న సంగతి మొదలుపెట్టి అక్కడే ఉండిపోయారు.

"సెంటిమెంట్లొద్దండీ, ఆధారాలు చెప్పండి" అన్నారు డైరెక్టరుగారు.

అంతే, నాన్న పక్కనుంచి ఆమె లేచింది.

"మేడమ్, ఈ హాల్లో కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లందరినీ ఒక్కసారి తీసెయ్యమనండి. మాది వ్యాపారం లేని వీధి కదా, మా అద్దాలతో మీకేం పని?"

హాల్లో చిన్న నవ్వు పుట్టి వెంటనే అణిగిపోయింది. మేడమ్ ఆమెనే చూస్తూ తన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత గుమాస్తా, వెనక వరసలవాళ్లు, ఒక్కొక్కరే తీశారు. డైరెక్టరుగారు మాత్రం తీయలేదు.

"ఊళ్లో యాభై రెండు షాపులకి మేమే లెన్సులు కోసిస్తాం మేడమ్. వారానికి వెయ్యి జతలకి పైనే!"

"నోటిమాటలు ఎవరైనా చెప్తారు. మా సర్వేలో తేలింది నలుగురే!" అని డైరెక్టరుగారు ఫైలు ఊపారు.

నేను లేచాను.

"ఆ సర్వే నాదే మేడమ్. ముందు తలుపు దగ్గర నిలబడి చేశాను. వాళ్ల పనంతా వెనక సందులో జరుగుతుంది. ఆ నలుగురిలోనూ ఇద్దరు వీళ్ల నాన్నగారే."

ఈసారి హాలంతా గొల్లుమంది. మేడమ్ మాత్రం నవ్వలేదు.

"వెనక సందు సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలుసండీ. లోపలికెళ్లి చూశాను. చూసి కూడా రాయలేదు. తప్పు నాది, శిక్ష వాళ్లకి పడుతోంది."

మేడమ్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని నోటీసు చదివారు. "ఇది రద్దు చేస్తున్నాను. లీజులు పొడిగించండి. లైట్లు, లోన్లు ఇచ్చే జాబితాలో ఈ వీధిని కూడా చేర్చండి" అన్నారు. డైరెక్టరుగారు నాకేసి తిరిగి, అందరూ వినేలా "రేపట్నుంచి ఆఫీసుకి రానక్కర్లేదు" అన్నారు.

మెట్ల మీద ఆమె నన్ను ఆపింది. కృతజ్ఞతలు చెబుతుందేమో అనుకున్నాను.

"ఈ ముక్క చెప్పడానికి మూడు వారాలు కావాలా? నోటీసు వచ్చిన దగ్గర్నుంచీ మా నాన్న నిద్రపోలేదు తెలుసా?"

"ఇప్పుడే తెలిసింది. క్షమించండి."

"ఇప్పుడేమో ఉద్యోగం పోగొట్టుకున్నారు. నాకోసమా ఈ త్యాగం?"

"కాదండీ. తప్పు చేశాను కాబట్టి చెప్పాను. మీ కోసం చేసింది వేరే ఉంది. ఆ రోజు ట్రేలు వదిలేసి మిమ్మల్నే చూస్తూ కూర్చున్నాను. ఇవాళ్టి వరకూ ఇంకేమీ కనిపించలేదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె ముఖం ఎర్రబడింది. కోపమో ఇంకేమిటో తెలియలేదు.

"నాకింకా కోపం తగ్గలేదు."

"ఎప్పటికి తగ్గుతుంది?"

"ఇప్పట్లో తగ్గేలా లేదు. రోజూ కాసేపు తిడితే గానీ తగ్గదు. పడతారా?"

"జీవితాంతం పడతాను."

వెనకనుంచి దగ్గు వినిపించింది. వాళ్ల నాన్నగారు. అంతా విన్నట్టే ఉన్నారు. ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఫర్వాలేదు బాబూ, అలవాటైపోతుంది. వాళ్లమ్మ చేత నేను ఇరవై ఎనిమిదేళ్లుగా పడుతున్నా."

"నాన్నా!" అని అరిచింది ఆమె. ఆయన ఆ అరుపు పట్టించుకోకుండా నాకేసి తిరిగి, ఆదివారం మా అమ్మానాన్నల్ని తీసుకుని ఇంటికి రమ్మన్నారు.