రైలు పాటా, కిటికీ పాటా?

ఆదివారం ఉదయం ఎనిమిదింటికల్లా బావమరిది గుమ్మంలో చెప్పులు విడిచాడంటే ఆ ఇంట్లో పాటల పంచాయితీ మొదలైనట్టే. బావగారు అచ్చు ప్రెస్సులో పాతికేళ్ళుగా పెద్ద మిషన్ నడుపుతున్నాడు. అందుకే వీధిలో అందరికీ ఆయన ప్రెస్సాయన. బావమరిది ఇళ్ళకి కరెంటు పని చేస్తాడు. కుర్రతనం నుంచీ ఇద్దరికీ ఒకే రాక్ బ్యాండంటే ప్రాణం. ఆ బ్యాండ్ పాటల్లో ఏది గొప్పదన్న దగ్గరే పేచీ.

రైలు పట్టాల మీద పరుగెత్తుతున్నట్టు డ్రమ్ములతో మొదలై ఎనిమిది నిమిషాలు సాగే పాట ఒకటుంది. దాన్ని వీళ్ళు రైలు పాట అంటారు. ప్రెస్సాయనకి అదే గొప్ప. రెండోది ఒక్క గిటారు, ఒక్క గొంతు, కిటికీ దగ్గర కూర్చున్నవాడు తనలో తను పాడుకుంటున్నట్టుండే చిన్న పాట. అది కిటికీ పాట, బావమరిది దాని పక్షం. పాటంటే గుండె అదరాలి అని ఈయనంటాడు. గుండె అదరడానికి పాటెందుకు, కరెంటు బిల్లు చాలదా అని అతనంటాడు. ప్రెస్సాయన పెళ్ళైన మొదటి వారంలో మొదలైన గొడవ ఇది. ఇరవై ఏడేళ్ళయినా అవే మాటలు, అదే వరస.

ఒకప్పుడది వారానికోసారి ముచ్చట. ఈ రెండేళ్ళుగా మరీ శ్రుతి మించింది. కుళాయి కారుతోందని భార్య చెబితే ప్రెస్సాయన డ్రమ్ముల సంగతి ఎత్తుతాడు. పక్కింటివాళ్ళు పలకరిస్తే కిటికీ పాటని చీల్చి చెండాడతాడు. చాదస్తం ముదిరిందని ఆవిడ సరిపెట్టుకుంది. ఏం చేస్తుంది మరి? కానీ అది అక్కడితో ఆగలేదు.

పది రోజుల క్రితం కూతురు ఒంటరిగా వచ్చింది. పెళ్ళై రెండేళ్ళు. మొగుడు కొట్టడు, తిట్టడు. ఆరు నెలలుగా అసలు మాట్లాడడు. ఒకే గదిలో తిరుగుతూ ఆమెని కుర్చీనో బల్లనో దాటుకు పోయినట్టు దాటుకుపోతాడు. ఆ పిల్ల ఎంత ఓర్చుకుందో ఎవరికీ తెలియదు. తల్లి బజారుకెళ్ళింది. తలుపు తీసిన తండ్రి మళ్ళీ వంటింట్లోకి పోయి గిన్నెలు కడుక్కుంటున్నాడు. ఆయన వెనక నిలబడి, కూతురు నోరు తెరిచి అడిగింది. "నాన్నా, నేనిక అక్కడ ఉండలేను. ఇక్కడికి వచ్చేయనా?"

ఆయన వెనక్కైనా తిరగలేదు. "ఎన్నైనా చెప్పు, రైలు పాట ముందు ఏదీ నిలవదు" అన్నాడు. కూతురు వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫోను కూడా చెయ్యలేదు.

ఈ ఆదివారం మళ్ళీ వచ్చింది, తన సర్టిఫికెట్లు తీసుకుపోదామని. మందుల షాపులో పని చూసుకుంది, హాస్టల్లో మంచం మాట్లాడుకుంది. హాస్టలేమిటే అని తల్లి నిలదీస్తే సంగతంతా ఒక్కొక్కటిగా బయటికొచ్చింది. ఆవిడ మంచం అంచున కూలబడింది. బావమరిది టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ప్రెస్సాయన ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. గొంతు సవరించుకుని, "ఇంతకీ ఆ డ్రమ్ములు వాయించినవాడుంటేనే కదా బ్యాండు" అని మొదలుపెట్టాడు.

"నా బతుకు కన్నా నీకా పాటే ఎక్కువైంది కదా నాన్నా" అంది కూతురు. ఆమె పెదవులు వణుకుతున్నాయి.

ఆయన ముఖం వెలిగింది. "మరి పాటంటే అలా ఉండాలి" అన్నాడు.

భార్యకి ఒళ్ళు మండిపోయింది. మనిషేనా నువ్వు అనబోయింది కానీ, ఈలోగా తమ్ముడు చెయ్యడ్డం పెట్టాడు. అతనికి ఒకటే తోచింది. ఇరవై ఏడేళ్ళలో ఎన్నడూ అనని మాట, తల దించుకుని, మెల్లిగా అన్నాడు. "సరే బావా, రైలు పాటే గొప్పది. నేనే ఓడిపోయాను. ఇక ఆపి పిల్ల మాట విను."

ప్రెస్సాయన తొడ చరుచుకుని నవ్వాడు. "కరెంటు బిల్లు చాలంటావు, అంతేగా? నీ మంకుపట్టు నువ్వు వదలవురా."

భార్య లేచి ఆయన వెనక్కి వెళ్ళింది. ఏమండీ అని పిలిచింది. ఇంకోసారి, గట్టిగా పిలిచింది. ఆయన బావమరిది వైపే చూస్తూ, జవాబు కోసం కాచుకుని కూర్చున్నాడు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రెండేళ్ళుగా ఎన్నిసార్లు చాదస్తమని విసుక్కుందో, ఎన్నిసార్లు టీవీ మోత తగ్గించమని కసిరిందో, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

ఎదుటి మొహాల్లో రంగు మారడం చూశాక ఆయనకి నవ్వు ఆగిపోయింది. ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు.

"రెండేళ్ళయింది. చెవుల్లో ఏదో హోరు తప్ప మాట తెలియదు. చెబితే మిషన్ దగ్గర నిలబడనివ్వరు. ఈ ఒక్క గొడవలోనే మీరేమంటారో నాకు వినకుండానే తెలుసు. మిగతా మాటలంటే భయం. అందుకే అన్నిటినీ ఇందులోకే లాక్కొచ్చాను."

రైలు పాట కూడా పోయిందట. స్పీకరు మీద అరచెయ్యి ఆన్చి, డ్రమ్ముల అదురు లెక్కపెట్టుకుంటాడట. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది.

కూతురు ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, ఒక్కో మాటా విడదీసి, ఆ రోజు అడిగినదే మళ్ళీ అడిగింది. ఆయన ఆమె పెదవుల్ని చూశాడు. అర్థం కాలేదని తల అడ్డంగా ఊపాడు. రెండోసారి అడిగింది. ఈసారి అందింది.

"ఆ రోజు నువ్వడిగింది ఇదా?"

అవునని తల ఊపింది.

"నేను వద్దన్నాననుకున్నావా? పది రోజులూ?"

ఆమె మళ్ళీ తల ఊపింది. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. బావమరిది బయటికెళ్ళి వరండాలో నిలబడ్డాడు. మామూలప్పుడైతే ఏదో ఒక జోకు వేసేవాడు.

"రేపు ప్రెస్సులో చెప్పేస్తాను" అన్నాడు ఆయన చివరికి. తను ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో ఆయనకి తెలియదు. "ఉద్యోగం పోతే పోనీ. నువ్వు నోరు తెరిచి అడిగితే నాకు తెలియకపోవడమేమిటమ్మా? వచ్చెయ్. ఇవాళే వచ్చెయ్."

కూతురు ఆయన భుజం మీద తల పెట్టి, ఆరు నెలల ఏడుపంతా ఏడ్చింది. ఆయనకి అది వినబడలేదు. చొక్కా తడుస్తుంటే తెలిసింది.