నోట్లో ముక్క పెట్టి అడిగిన మాట

"ఆపండి! ముందు ఆ బటన్ మీంచి చెయ్యి తియ్యండి!"

ఎక్స్‌రే అబ్బాయి ఉలిక్కిపడ్డాడు. ఆ పళ్ళ ఆసుపత్రిలో చేరినప్పటి నుంచీ ఆ బటన్ అతనిదే. దాని మీంచి చెయ్యి తియ్యమన్న మనిషి ఇంతవరకూ లేడు. పిల్లల పళ్ళు చూడడానికి ఆ రోజే చేరిన డాక్టరమ్మ, నీళ్ళు కారుతున్న గొడుగు కూడా మడవకుండా గుమ్మంలో నిలబడి ఉంది.

"నొప్పి ఒక్క పన్నుకి. నోరంతా ఎక్స్‌రే తీస్తారా? అదీ పెద్దవాళ్ళ సెట్టింగులో! ఆ పాపకి ఆరేళ్ళు. మిషన్‌కి తెలీదు సరే, మీకైనా తెలియాలిగా?"

"అందరికీ ఇలాగే తీస్తున్నాం మేడమ్. ఎవరికీ ఏమీ కాలేదు."

"ఒక్క ఎక్స్‌రేకి ఏమీ కాదు. అలాగని అక్కర్లేనిది ఎందుకు? పిల్లలది ఎదిగే ఒళ్ళు. ముందు ముందు ఇంకెన్నిసార్లు తీయించుకోవాలో!"

ఆ రోజు నుంచి అతని ప్రాణం తోడేసింది. కిరణాలు తగలకుండా మెడకి పట్టీ కట్టావా? సెట్టింగు తగ్గించావా? పాత ఎక్స్‌రే వేరే ఆసుపత్రిలో ఉందట, ఫోన్ చేసి తెప్పించు. బటన్ నొక్కితే క్షణంలో అయ్యే పనికి అరగంట ఫోన్లు! ఇద్దరి మధ్యా "మీరు" కాస్తా "నువ్వు" ఎప్పుడయిందో కూడా అతనికి గుర్తులేదు.

అన్నిటికన్నా విసుగు ఆ నాటకం. పిల్లలు కదిలితే ఫోటో చెదిరిపోతుంది, మళ్ళీ తీయాలి. అందుకని ముందు ఇతను కుర్చీలో కూర్చోవాలి. సీసం ఆప్రన్ వేసుకుని, మెడకి పట్టీ కట్టించుకుని, ప్లాస్టిక్ ముక్క పళ్ళ మధ్య కరిచిపట్టి, మిషన్ ఆపి ఉండగానే బొమ్మలా ఉండాలి. పిల్లలు చూసి నేర్చుకోవాలి. గాడిదంత మనిషికి ఇదేం ఖర్మ!

అయితే పట్టీ కట్టేటప్పుడు ఆమె వేళ్ళు మెడకి తగిలేవి. ఆ సంగతి మీద మాత్రం అతను ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. ప్రేమ పుట్టాలంటే వెన్నెల ఉండాలని రాసేవాళ్ళెవరూ ఎన్నడూ సీసం ఆప్రన్ మొయ్యలేదు.

ఒక శుక్రవారం ఒక గడుగ్గాయి పిల్ల వచ్చింది. "అన్నయ్య కదిలితే నేనూ కదులుతా," అని ముందే బేరం పెట్టింది.

ముక్క అతని నోట్లో పెట్టి, పట్టీ బిగిస్తూ డాక్టరమ్మ నెమ్మదిగా అంది: "నాన్న సంబంధం చూశారు. ఆదివారం వస్తున్నారు. నీకేమైనా చెప్పాలనుంటే ఇప్పుడే చెప్పు."

ఇప్పుడా! అతని కళ్ళు ఇంతింతయ్యాయి. ముక్క ఉమ్మేద్దామనుకున్నాడు. ఎదురుగా గడుగ్గాయి రెప్ప వెయ్యకుండా కాపలా కాస్తోంది. ఇతను కాస్త కదిలితే చాలు, అదీ కదులుతుంది. ఆ చిన్న దవడకి రెండోసారి తీయాలి. పళ్ళు బిగించాడు. కదల్లేదు.

"అంటే ఏమీ లేదన్నమాట," అని ఆమె ముఖం తిప్పేసుకుంది.

అతను లేచాక పిల్ల అదే కుర్చీలో రాయిలా కూర్చుంది. ఒక్కసారికే ఫోటో అద్దంలా వచ్చింది. తల్లి వచ్చి పిల్లని తీసుకెళ్ళగానే అతను విరుచుకుపడ్డాడు.

"నీకసలు బుద్ధుందా? నోట్లో ముక్క పెట్టి అడుగుతారా ఆ మాట?"

"ఊరికే అడిగితే నువ్వు మిషన్ గురించి మొదలెడతావు. ఎన్నిసార్లు మాట ఎత్తాను!"

"నేను కదిలితే ఆ పిల్లకి మళ్ళీ తీయాలి. నువ్వు నేర్పిందేగా!"

ఆమె ఇటు తిరిగింది. "అందుకా నోరు మూసుకున్నావు?"

"మరి? నువ్వంటే ఇష్టం లేకనా?"

అనేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు.

ఆమె ఫోన్ తీసి, నంబర్ కొట్టి అతని చేతిలో పెట్టింది. "నాన్న. నువ్వే చెప్పుకో. నా వల్ల కాదు."

"హలో, ఎవరూ?" అవతలి గొంతు అప్పటికే చిరాగ్గా ఉంది.

"నేనండీ... ఎక్స్‌రే..."

"ఓహో, నువ్వేనా బాబూ! రోజూ అన్నం దగ్గర కూర్చుని మా అమ్మాయి నిన్ను తిట్టడమే. వినలేక చస్తున్నాం. ఇంతకీ ఆదివారం వచ్చేవాళ్ళకి ఏం చెప్పమంటావ్?"

"రావొద్దని చెప్పండి మావయ్యా."

అని నాలుక కరుచుకున్నాడు. డాక్టరమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"మావయ్యా? అప్పుడేనా!" పెద్దాయన గట్టిగా నిట్టూర్చాడు. "సర్లే. వాళ్ళ బదులు నువ్వే రా, మీ అమ్మనీ నాన్ననీ తీసుకుని. ముందు ఆ ఫోన్ దానికివ్వు. ఈ ముక్క ఇన్నాళ్ళూ నాకు చెప్పనందుకు నాలుగు చీవాట్లు పెట్టాలి."