వేలూరు ముగ్గు

"ఎవురేసినారు ఈ ముగ్గు? అయ్యో, అయ్యో! కొత్తింటి గడప ముందర ముండమోపి సెయ్యి పెడుతుందా! అదీ జైలుకూడు తిన్న సెయ్యి!"

వియ్యపురాలు వెంకటరత్నమ్మ గొంతు పుంగనూరు వీధి చివరిదాకా వినిపించేదే... గుట్టు బయటపడుతుందని గుర్తొచ్చి చటుక్కున తగ్గించింది. తెల్లవారుతూనే లేచి, కొడుకు కట్టిన కొత్త ఇంటి ముందు మురిపెంగా ముగ్గు పెట్టుకున్న సుబ్బలక్ష్మమ్మ, పిండి అంటిన వేళ్ళను కొంగులో దాచుకుంది. భర్త పోయాక పద్దెనిమిదేళ్ళలో ఇంటి ముందు ఆమె ముగ్గు పెట్టడం ఇదే మొదటిసారి!

కొడుకు మునికృష్ణ పట్టుపంచె కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పేడలో కాలు పడుతుందేమో అన్నట్టు ముగ్గును తప్పించుకుంటూ వచ్చాడు. ఎంత శుభ్రమైన మనిషో! యుద్ధం రోజుల్లో కుప్పంలో జనం గంజికి అల్లాడుతుంటే, కంట్రోలు బియ్యం మూటలు అటక మీద దాచిన మహానుభావుడు! పోలీసులు వచ్చిననాడు ఈ వీరుడే తల్లి కాళ్ళు పట్టుకుని, "అమ్మా, మూటలు నీవని సెప్పు... ముసిలిదానివి, నిన్నేం సేస్తారు!" అని ఏడ్చాడు. ఏం చేశారు? ఏడాదిపాటు వేలూరు జైల్లో పెట్టారు! కట్టుకున్న పెళ్ళానికి కూడా నిజం చెప్పలేదు. అత్తగారి దురాశే ఇంత పని చేసిందని కృష్ణవేణి ఈనాటికీ నమ్ముతోంది. ఆపైన కాపురం పుంగనూరుకు మార్చి, తల్లి కాశీలో ఉందని ఊరంతా చాటాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే కదా!

"అమ్మా, ఇంగ గృహప్రవేశానికి జనం వస్తారు. కాశీకి పోయినోళ్ళు ఇష్టమైంది ఏదో ఒకటి ఆడ విడిసి రావాల గదా. ఏం విడిసినావని అడిగితే కాకరకాయ అని సెప్పు. నోరు మూసుకుని పూజగది పక్కన పడుండు. అట్లయితేనే ఈ ఇంట్లో నీకు సోటు. వేణీ, ఆ ముగ్గు కడిగెయ్!"

కృష్ణవేణి బిందెడు నీళ్ళు కుమ్మరించి చీపురుతో రుద్దుతుంటే, సుబ్బలక్ష్మమ్మకు వేలూరు గుర్తొచ్చింది. జైల్లో ఆమె ముగ్గును ఎవరూ తొక్కలేదు! మొదట్లో గోడవైపు తిరిగి ఏడవడమే పని. ఒకనాడు రాలిన సున్నం, ఇటుకపొడి పోగుచేసి, ఊసుపోక నాలుగు చుక్కలు పెట్టింది. అరవబోయిన వార్డరమ్మ చూస్తూ నిలబడిపోయింది. వారం తిరిగేసరికి దొంగలు, హంతకురాళ్ళు చుట్టూ చేరి, "అవ్వా, నాకొక సుక్క!" అని పోట్లాడుకోసాగారు. చంటిబిడ్డను బావిలో వేసి, ఏడాదిగా నోరు మెదపని మునిలక్ష్మి ఒకరోజు ఇటుకముక్క తీసుకుని బావి గీసింది... పక్కనే ఉయ్యాల గీసింది... గీసి, సుబ్బలక్ష్మమ్మ ఒళ్ళో పడి తొలిసారి భోరుమని ఏడ్చింది! ఆనాటి నుంచి నలుగురితో కూర్చుని అన్నం తినసాగింది. నువ్వు విధవవు, ముగ్గు ముట్టుకోకు అని అక్కడ ఒక్కరంటే ఒక్కరు అనలేదు. పరువుగలవాళ్ళు లేని చోటు కదా మరి!

ముగ్గు సగం చెరిగేసరికి చుట్టాలు, ఇరుగుపొరుగు వచ్చేశారు. పక్కింటి రుక్మిణమ్మ, ఆమే ఒక విధవరాలు, పరుగున వచ్చి సుబ్బలక్ష్మమ్మ కాళ్ళమీద పడింది.

"కాశీని సూసిన కాళ్ళు తల్లీ! మొగుడు సచ్చి మూలన పడినదాన్ని, నాకా పుణ్యం యాడిది? ఆడ ఏం విడిసిపెట్టినావక్కా?"

మునికృష్ణ వెనకనుంచి దగ్గాడు. సుబ్బలక్ష్మమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. అందులో తల్లిమీద జాలి గోరంతైనా లేదు! అంతా భయమే... అదీ తన పరువు గురించి.

"లెయ్ రుక్మిణమ్మా! నేను కాశీకి యాడ పోతిని? ఏడాది వేలూరు జైల్లో ఉంటిని. ఆడ కాకరకాయ విడిసేదానికి లేదు, పెట్టింది తినాల్సిందే! అన్నీ విడిసినా ఒకటి మాత్రం విడవలేకపోతిని... నా కొడుకు సల్లగుండాల, నా కొడుకు సల్లగుండాల అని దినామూ మొక్కుకుంటా ఉంటిని. ఈ పొద్దు, ఈ గడప ముందర విడిసేసినానమ్మా... నా కొడుకును!"

"కాకరకాయ అని సెప్పమంటిని గదా!" అని పళ్ళు నూరాడు మునికృష్ణ. అంతకంటే ఏం మాట్లాడగలడు ఆ ఘనుడు!

కృష్ణవేణి చేతిలో చీపురు ఆగిపోయింది. "అత్తా... ఆ మూటలు ఎవురివి?"

మునికృష్ణ తల దించుకుని కుచ్చిళ్ళు సర్దుకున్నాడు. అది చాలు! కృష్ణవేణి చీపురు మొగుడి కాళ్ళ దగ్గరికి విసిరేసి, అత్తగారి ముందు కూలబడింది.

"ఏడాదిగా నిన్ను తిట్టని దినం లేదత్తా... నా నోరు పడిపోను! సెరిపింది నేనే, పిండి తెచ్చేదీ నేనే. నువ్వు ముగ్గేసేదాకా ఈ గడప నేను దాటను!"

"అపశకునమే!" అంది వెంకటరత్నమ్మ.

"నువ్వు ఊరుకోమ్మా!" అని కసిరింది కూతురు.

"నీకోసం ఏస్తా వేణీ. ఇంట్లోకి మాత్రం రాను," అంది సుబ్బలక్ష్మమ్మ, కోడలి కన్నీళ్ళు తుడుస్తూ.

రుక్మిణమ్మ అటూ ఇటూ చూసి, మెల్లగా ఆమె పక్కన కూర్చుంది. "మా ఇంట్లో ఉందువు రా అక్కా... ముందు నాకింత పిండి ఇయ్యి. సుక్క పెట్టి ఇరవై ఏండ్లాయ..."

సుబ్బలక్ష్మమ్మ జరిగి చోటిచ్చింది. ముహూర్తం దాటిపోతోంది. ఇంటి యజమాని పట్టుపంచెతో వీధిలోనే నిలబడి ఉన్నాడు.