ఇప్పలొద్దిలో నీళ్ళు పోసేదెవరు

ఇప్పలొద్దిలోకి పొద్దు గూకినాక ఎవరూ దిగరు. పగలు దిగేవాళ్ళు కూడా జేబులో ఒక ఇనుప ముక్క వేసుకుని దిగుతారు.

బీర్పూర్ దాటి అడవిలోకి పోతే రెండు గుట్టల నడుమ వచ్చే పల్లం అది. అలాంటి పల్లాన్ని మా వైపు లొద్ది అంటారు. అదంతా రిజర్వు అడవి. కట్టె కొట్టొద్దు, వేటాడొద్దు, పశువులను తోలొద్దు అని దారి మొదట్లో పచ్చ బోర్డు ఉంది. ఆ బోర్డుకు గొడ్డళ్ళు ఆనించి బీడీలు కాల్చిన మా ఊరి మొనగాళ్ళు ఇప్పుడు బోర్డు దగ్గరికి కూడా పోవడం లేదు. పదేళ్ళుగా బోర్డు చేయలేని పని దెయ్యం రెండేళ్ళలో చేసింది.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. డిగ్రీ చదివి ట్రాక్టర్ ఎక్కినవాణ్ణి. అయినా ఆ దారిన పోను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి... నవ్వేముందు ఒక్క రాత్రి పోయి రండి.

ఇది నాకు మా ఊరి రేణుక చెప్పిన సంగతి. ఇందులో ఒక్క పేరు మార్చాను. ఏ పేరని అడగొద్దు.

లొద్ది నడుమ ఒక తొట్టి ఉంది. నేలలో పళ్ళెంలా లోతు తక్కువగా కట్టిన సిమెంటు తొట్టి. శివరాత్రి దాటితే అడవిలో వాగులు ఎండిపోతాయి. దుప్పులు, గుడ్డెలుగులు దూపకు తాళలేక ఊళ్ళ మీదికి వస్తాయి. వస్తే కుక్కలకో మనుషులకో దొరికిపోతాయి. అందుకని ఎండాకాలమంతా ట్యాంకర్‌తో నీళ్ళు తెచ్చి ఆ తొట్టి నింపుతారు. అప్పట్లో ఆ ట్యాంకర్ తోలేది నేనే.

తొట్టిని చూసుకునేవాడు కొమురెల్లి కాక. రేణుక వాళ్ళ నాయన. గుంట భూమి లేదు, ఇరవై ఏళ్ళుగా అడవిలో రోజుకూలీ వాచర్. తొట్టి అంచున పడ్డ అడుగుల గుర్తులు చూసి రాత్రి ఏ జంతువు వచ్చిందో, పిల్లలతో వచ్చిందో ఒంటరిగా వచ్చిందో చెప్పేవాడు. “రవీ, నిన్న గుడ్డెలుగు తన బిడ్డను దోల్కొచ్చింది,” అని తన ఇంటికి చుట్టాలొచ్చినట్టే చెప్పేవాడు. నేను నవ్వేవాణ్ణి.

రెండేళ్ళ కింద, ఒక తెల్లవారి, కొమురెల్లి కాక ఆ తొట్టి పక్కన చచ్చిపోయి కనబడ్డాడు.

కుడికాలు పిక్క మీద నల్లగా కాలిన గీత ఉంది. డాక్టరు కరెంటు షాక్ అన్నాడు. సరే... కానీ ఇప్పలొద్దిలో కరెంటెక్కడిది? స్తంభం లేదు, తీగ లేదు. రెండు కిలోమీటర్ల దాకా బల్బు కూడా లేదు. కరెంటు లేని చోట కరెంటు తగిలి మనిషి ఎలా చచ్చిపోయాడు?

పోలీసులు చుట్టుపక్కల చేన్లన్నీ తిరిగారు. అడవిపందుల కోసం ఎవరైనా తీగ పెట్టారా అని అడిగారు. అందరూ తలకాయలు అడ్డంగా ఊపారు. ఎక్కడా తీగ ముక్క దొరకలేదు. కేసు అలాగే ఉండిపోయింది. పోలీసులకు దొరకని జవాబు ఊరికి దొరికింది. లొద్దిలో ఏదో ఉంది... అదే పట్టుకుంది.

ఇక్కడ నా పాపం ఒకటి చెప్పాలి. ఆ ముందురోజు తొట్టికి ట్యాంకర్ పోవాలి. కోరుట్లలో దోస్తు పెళ్ళి దావత్ ఉందని నేను పోలేదు. “రేపు పోస్తాలే కాకా,” అని ఫోన్ చేశాను. “సరే బిడ్డా, జంతువులు ఏడికి పోతయి,” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. దావత్‌లో తిన్న ముద్ద గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాతి ఎండాకాలం నేను ట్యాంకర్ తీసుకుని లొద్దిలో దిగాను. చీకటి పడుతోంది. తొట్టి దాకా పోయి చూస్తే...

తొట్టి నిండుగా ఉంది.

వాన లేదు, ఊట లేదు. నేను కాకుండా ఇంకో ట్యాంకర్ లేదు. నీళ్ళ మీద ఒక్క ఎండుటాకు కూడా లేదు, ఎవరో అప్పుడే ఏరేసినట్టు. గుట్ట మీద ఎక్కడో కావడి కర్ర కిర్రు... కిర్రు... మంది. ట్యాంకర్ రాని రోజుల్లో కొమురెల్లి కాక కావడితోనే నీళ్ళు మోసేవాడు. ఆ చప్పుడు నాకు తెలుసు.

నేను ట్రాక్టర్ వెనక్కి తిప్పిన తీరు చూసి ఉంటే మీకు పొట్ట చెక్కలయ్యేది. ఆ రోజు నుంచి మళ్ళీ లొద్దికి పోలేదు. పోకపోయినా తొట్టి ఎండలేదు. ఇప్పపూలు ఏరేవాళ్ళు కూడా చూశారు. రాత్రి మూడో జామున, కావడి మోస్తూ, తల వంచుకుని, గుట్ట దిగే మనిషిని. “కొమురెల్లే,” అన్నారు. “సచ్చినా డ్యూటీ ఇడిసిపెట్టలేదు.”

నాయన ఉద్యోగం రేణుకకు ఇచ్చారు. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఊరంతా భయపడ్డ ఆ కబురు విని ఆ పిల్ల ఒక్కతే సంతోషపడింది.

“అన్నా, గది మా బాపే అయితే ఒక్క మాట అడుగుత,” అంది నాతో. “నిన్ను సంపినోడు ఎవడు బాపూ అని. గంతే. పేరు చెప్తే సాలు, ఠాణాల చెప్పొస్త.”

వాళ్ళమ్మ గౌరవ్వ మాత్రం ఊరుకోలేదు. “రాత్రిపూట లొద్ది దిక్కు పోకు బిడ్డా... నా మాట ఇను,” అని రోజూ చెప్పేది. మొగుణ్ణి మింగిన చోటు కదా, భయపడుతోంది అనుకున్నాం.

ఈ ఎండాకాలం, జంతువులను లెక్కపెట్టడానికి బీట్ ఆఫీసర్ మేడం తొట్టి ఎదుటి చెట్టుకు ఒక కెమెరా కట్టించింది. ముందు ఏది కదిలినా చీకట్లో కూడా తనంతట తానే ఫోటో తీసుకునే డబ్బా. నెలకోసారి తాను వచ్చినప్పుడే కార్డు తీయాలి, అప్పటిదాకా తెరవొద్దు అని మేడం చెప్పింది. మూడు వారాలు రేణుక ఓపిక పట్టింది. ఆ తర్వాత ఆమె వల్ల కాలేదు. ఫారెస్టు క్యాంపులో డ్యూటీ ఉందని అమ్మకు చెప్పి, ఒక రాత్రి తానే లొద్దిలోకి దిగింది.

తొట్టికి కాస్త ఎగువన బండ చాటున కూర్చుంది. టార్చి ఆర్పేసింది.

పదకొండయింది... పన్నెండయింది. దుప్పులు వచ్చి తాగి పోయాయి. తర్వాత అడవంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

కిర్రు... కిర్రు...

గుట్ట మీది నుంచి. మెల్లగా. నాలుగడుగులు, ఆగుడు. మళ్ళీ నాలుగడుగులు.

ఒక నీడ దిగింది. భుజాన కావడి, రెండు వైపులా రెండు డబ్బాలు. తల వంచుకుని ఉంది. తొట్టి దగ్గర కూర్చుని ముందు ఆకులు ఏరింది. ఒక్కొక్క ఆకూ ఏరి పక్కన పెట్టింది. తర్వాత జంతువులు బెదరకుండా, చప్పుడు కాకుండా, అంచు వెంబడి నీళ్ళు వదిలింది. వాళ్ళ నాయన అచ్చం అలాగే పోసేవాడు.

రేణుకకు భయం వేయలేదట. ఏడుపు వచ్చిందట.

“బాపూ...” అంది.

నీడ చేతిలో డబ్బా ఆగిపోయింది. నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

“బాపూ, నేను... రేణుకను.”

నీడ ఇటు తిరగలేదు. కాసేపటికి దాని భుజాలు కదిలాయి. చచ్చినవాళ్ళు ఏడుస్తారా?

“మీ బాపును కాదు బిడ్డా,” అంది ఆ గొంతు. “జలపతిని.”

జలపతి చేను అడవి అంచునే ఉంటుంది. దుబాయ్‌లో తొమ్మిదేళ్ళు చేసి వచ్చి ఆ చేను బాగుచేసుకున్నాడు. కొమురెల్లి కాకకు ప్రాణ స్నేహితుడు. ట్యాంకర్ రాని రోజు కాక నీళ్ళు పట్టుకునేది జలపతి మోటారు దగ్గరే. “నన్నడిగేదేంది, నీ ఇష్టమున్నప్పుడు పట్టుకపో,” అని ఎప్పుడో చెప్పి పెట్టాడు.

“కాకా... నువ్వా? ఎందుకు?”

జలపతి తొట్టి అంచున కూలబడ్డాడు. గుసగుసగా చెప్పాడు.

“పందులు మక్కచేనంత తొక్కినయ్ బిడ్డా. తీగ వెట్టిన. మీ బాపుకు తెలిస్తే ఊకోడు. అందుకే ఆయనకు సెలవున్న రాత్రులే వెట్టేటోణ్ణి. ఏ వారం ఏ రాత్రి సెలవో ఆయిననే చాయ్ తాక్కుంట చెప్పేటోడు. గా రాత్రి గూడ సెలవే. రాడనుకున్న...”

రేణుక బండ చాటు నుంచి లేచి దగ్గరికి వచ్చింది.

“వచ్చిండు. ట్యాంకర్ రాలేదట. సెలవైనా దూపకు సస్తయని కావడేసుకొని వచ్చిండు. మోటారు కాడికి పోయి డబ్బలు నింపుకున్నడు. తిరిగొచ్చేటప్పుడు తీగ... నేను లేసి పోయేసరికి అయిపోయింది.”

“ఈడికి ఎవలు తెచ్చిన్రు?”

“నేనే. భుజం మీదేసుకొని తెచ్చిన. చేన్ల దొరికితే నన్ను పట్టుకుంటరని భయపడ్డ. ఈడ పండవెట్టి మల్ల ఎనక్కి పోయిన. మూతలు బిగిచ్చి ఉండె, గా రెండు డబ్బలు అట్లనే నిండుగున్నయ్ బిడ్డా... అవ్వి తెచ్చి తొట్ల పోసిన. ఏం జెయ్యాల్నో తెల్వలే. ఆయిన చేద్దామనుకున్న పని చేసిన.”

అడవిలో ఎక్కడో నెమలి అరిచింది.

“పొద్దుగాల ఠాణాకు పోత,” అంది రేణుక.

“పో బిడ్డా. నేను ఏడికీ పారిపోను. ఇన్నొద్దులు నువ్వు అడుగుతవనే సూసిన.” లేచి కావడి ఎత్తుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. “ఒక్కటే భయం బిడ్డా... మొన్న నడుం పట్టేసి జగిత్యాల దవాఖాన్ల పన్నెండొద్దులున్న. ఒక్క చుక్క పొయ్యలే. ఎండిపోయి ఉంటదని ఏడ్సుకుంట వచ్చిన. వచ్చి సూస్తే...”

“సూస్తే?”

“నిండుగున్నది.”

జలపతి చీకట్లో కలిసిపోయాడు. రేణుక మాత్రం అక్కడి నుంచి కదలలేకపోయింది. అప్పుడు... మొదటిసారి ఆ పిల్లకు ఒళ్ళంతా జల్లుమంది. ఆ పన్నెండు రోజులూ తాను కూడా పగలు వచ్చి చూసింది. తొట్టి నిండుగానే ఉంది, ఆకులు ఏరేసే ఉన్నాయి. జలపతి లేడు, ట్యాంకర్ లేదు. మరి ఎవరు?

తెల్లవారే దాకా అక్కడే కూర్చుంది. వెలుగు రాగానే మేడం మాట పక్కన పెట్టి కెమెరా తెరిచింది. కార్డు తీసి ఫోన్‌కు పెట్టుకుంది.

దుప్పులు. పందులు. కావడితో జలపతి... మళ్ళీ జలపతి... తర్వాత జలపతి లేని తారీఖులు మొదలయ్యాయి. రేణుక వేలు ఆగింది.

రాత్రి మూడు గంటల పదకొండు నిమిషాలు. నలుపు తెలుపు బొమ్మ. తొట్టి ముందు ఒక ఆడమనిషి. నెత్తి మీద బిందె. కొంగు నడుముకు దోపుకుని, కెమెరా వైపే చూస్తోంది. కెమెరా అక్కడ ఉందని ఆమెకు తెలియదు. ఉత్త చీకట్లోకి చూస్తోంది.

గౌరవ్వ.

పన్నెండు రాత్రులు. మోకాలి నొప్పితో ఇంట్లో గడప దాటడానికే మూలిగే మనిషి, రాత్రికి నాలుగేసి బిందెలు.

రేణుక పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చింది. గౌరవ్వ వాకిట్లో పేడనీళ్ళ సాన్పి చల్లుతోంది. రేణుక ఫోన్ ముందు పెట్టింది. ఆమె తడి చేయి కొంగుకు తుడుచుకుని, ఫోన్ అందుకుని చూసింది.

“నేనే,” అంది.

“జలపతి కాక దవాఖాన్ల ఉన్నడని పోసినవా?”

“తొట్టి ఎండితే ఎట్ల?”

“గాయిన పోస్తున్నడని నీకు ఎరుకనా అవ్వా? ఎందుకు పోస్తున్నడో గూడ ఎరుకనా?”

గౌరవ్వ అరుగు మీద కూర్చుంది. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంది.

“మూడొద్దుల నాడు పిట్టకు పెట్టినం,” అంది మెల్లగా. “నువ్వు సోయిల లేవు. మీ బాపుకు ఇష్టమైనయన్ని వండి బొంద కాడ ఇస్తార్ల పెట్టినం. సచ్చినోళ్ళు కాకై వచ్చి ముడుతరంటరు గద... పిట్ట రాలే. చెట్టు మీదనే కూసున్నది, కిందికి దిగలే. మనిషికి ఏదో మనసుల ఉన్నదన్నరు. నీ బిడ్డను సూసుకుంట అని నేనన్న. దిగలే. నీ బిడ్డ పెండ్లి మేం చేస్తమని మీ మేనమామలన్నరు. దిగలే. పొద్దు నెత్తి మీదికొచ్చింది. అందరు ఏడుస్తున్నరు.”

రేణుక అమ్మ మొహమే చూస్తోంది.

“గప్పుడు జలపతి ముందటికొచ్చిండు. మోకాళ్ళ మీద కూసొని, నోట్లె నోట్లె అన్నడు... నీ తొట్టి ఎండనియ్య కొమురెల్లీ, నేను బతికినన్నొద్దులు ఎండనియ్య అని. పక్కన నేనున్న. నాకొక్కదానికే ఇనవడ్డది. మాట అయిపోలే... పిట్ట దిగింది. గప్పుడే నాకు అంత ఎరుకైంది బిడ్డా. ఉత్తగ ఎవలన్న గా మాట అంటరా?”

“మరి రెండేండ్లు ఎందుకు చెప్పలేవే? పోలీసోళ్ళు వచ్చి నిన్నడిగిన్రు గద... నేను రోజూ ఏడ్సిన గద అవ్వా...”

గౌరవ్వ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. బిడ్డ తల నిమిరింది.

“మీ బాపు గాయిన మాటకే అన్నం ముట్టిండు బిడ్డా,” అంది. “నేనెట్ల కాదంట?”