రాణిగారి తోటలో ఒక చుట్టు

"లీలారాణి ఇంకా మన మనిషే అయితే కాపాడు. అటు తిరిగిపోయి ఉంటే కాల్చెయ్."

కోస్తా ఇంటెలిజెన్స్ చీఫ్ యుగంధర్ ఆ మాట తలెత్తకుండానే అన్నాడు. ఎదురుగా ఏజెంట్ బెన్హర్ కూర్చున్నాడు. లీలారాణి అతని మేనమామ కూతురు. శ్రీకాకుళంలో ఒకే చర్చిలో పాటలు పాడుతూ పెరిగారు, ఒకేసారి సర్వీసులో చేరారు. పెళ్లి మాటలు కూడా అయ్యాయి. అంతలో డిపార్ట్‌మెంట్ ఆమెను ఒక విదేశీ ముఠాలోకి డబుల్ ఏజెంట్‌గా పంపింది. మూడేళ్లుగా ఆమె పట్టుచీరల్లో, పెద్ద హోటళ్లలో వాళ్ల కొరియర్‌గా తిరుగుతోంది.

"తీరంలోని రాడార్ కోడ్లు పెన్‌డ్రైవ్‌లో ఆమె దగ్గరున్నాయి. రేపు ఉదయం విజయనగరం రాణిగారి తోటలో ముఠా నాయకుడు స్వయంగా తీసుకుంటాడు. వాడి ముఖం మనలో ఎవరూ చూడలేదు, అందుకే అది చేతులు మారాకే వాడిని పట్టుకోవాలి. అనుమానం రాకుండా ఒక కిరాయి భర్తను తెచ్చుకోమని వాళ్లే ఆమెకు చెప్పారు. ఆ భర్తవి నువ్వు."

మర్నాడు బెన్హర్ పెట్టుడు మీసంతో, చెవిలో రవ్వంత రిసీవర్‌తో, కాలర్ కింద మైకుతో తోట గేటు దగ్గర నిలబడ్డాడు. లీలారాణి కారు దిగింది. నీలం పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. ఎవరో సినిమా మనిషి అనుకుని వాకర్లు తిరిగి చూశారు.

"ఏటి బావా, ఆ మీసమేటి?" అంది మెల్లగా.

మూడేళ్ల తర్వాత అతను విన్న మొదటి మాట అది.

సంస్థానం రోజుల్లో వేయించిన తోట. ఇరువైపులా పొగడ చెట్లు, ఒక చిన్న కొలను, మధ్యలో నీళ్లు లేని ఫౌంటెన్, రాతి బెంచీలు. ఇద్దరూ నడిచారు. కొలను దాటాక ఆమె అడుగు మందగించింది. ఒకసారి చెట్టుకు చెయ్యి ఆనించి నిలబడింది. అది ఎవరికో సంకేతమేమోనని బెన్హర్‌కు తోచింది. జేబులో పిస్టల్ సేఫ్టీ తీశాడు.

ఆమె చూసింది. "నన్ను కాల్సమన్నారేటి?"

అతను జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు.

"సరేలే. సెయ్యి పట్టుకో. పెళ్లాం సెయ్యి పట్టుకోకపోతే ఆడికి అనుమానమొస్తాది."

పట్టుకున్నాడు. చెయ్యి మంచులా ఉంది.

ఫౌంటెన్ దగ్గర కెమెరాతో ఉన్న విదేశీయుడు ముక్కల తెలుగులో అడిగాడు. "ఈ చెట్లు ఎప్పటివి?"

"రాణిగారి కంటే పెద్దవి," అంది లీలారాణి నవ్వుతూ. గుర్తు మాటలు కలిశాయి. పెన్‌డ్రైవ్ చేతులు మారింది. అతను పక్క గేటు వైపు నడుస్తూనే దాన్ని శాటిలైట్ ఫోనుకు తగిలించాడు.

ఆమె బెంచీ మీద కూలబడింది. "ఆడే నాయకుడు బావా, ఎల్లు."

"నీకేమైంది?"

"పొద్దున్న ఎస్.కోట గెస్ట్‌హౌస్‌లో కాఫీలో ఏదో కలిపారు. పని అయిపోయిన కొరియర్ని ఉంచరు."

"గేటు దగ్గరే ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే నన్ను ఆస్పత్రికి ఎత్తుకెల్లిపోతావు. నేను నడుత్తా కనబడకపోతే ఆడు రాడు."

చెవిలో యుగంధర్ గొంతు. "ట్రాన్స్‌మిషన్ మొదలవుతోంది. ఆపు."

"అంబులెన్స్ పంపండి," అని అరిచాడు బెన్హర్. ఆమె అతని చెయ్యి విడిపించుకుంది. "ఎల్లు బావా. ఇంతదూరం నడిసింది దీనికే కదా."

అతను పరుగెత్తాడు. గేటు దగ్గర ఆ మనిషిని పడగొట్టి, ఫోను లాక్కుని రాతి స్తంభానికేసి పగలగొట్టాడు. సగం కోడ్ కూడా దాటలేదు. మఫ్టీ పోలీసులు చుట్టుముట్టారు.

"ఆగింది. మిషన్ సక్సెస్," అన్నాడు యుగంధర్.

బెన్హర్ వెనక్కి వచ్చేసరికి లీలారాణి బెంచీకి ఆనుకుని కూర్చునే ఉంది. నల్లద్దాలు ఒళ్లో పడి ఉన్నాయి. పిలిచాడు. పలకలేదు. పక్కన కూర్చుని చెయ్యి మళ్లీ పట్టుకున్నాడు. అంబులెన్స్ వాళ్లు వచ్చి, "మీరేమవుతారు?" అని అడిగితే "భర్తని" అన్నాడు. డ్యూటీ అప్పటికే అయిపోయింది.

రహస్యం బయటపడకూడదు గనక, పార్కులో నడుస్తూ ఒక మహిళ గుండెపోటుతో మరణించిందని మర్నాటి పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. పక్కనే ఒక డాక్టరుగారు, ఉదయపు నడక గుండెకు ఎంతో మంచిదని రాశారు.