ఆరని కుర్చీలు

“ఎవరు దించుకున్నది వాళ్ళు మళ్ళీ ఎత్తుకునేదాకా ఈ తలుపు తియ్యను.”

మొదటి రోజు మీరిచ్చిన మాట ఇది, కౌన్సిలర్ గారూ. అక్కకి తోడుగా కూర్చుని నేనే నోట్సులో రాసుకున్నాను. దాని కింద మీదే ఇంకో మాట ఉంది: “భయాన్ని తరమకండి, పక్కన చోటివ్వండి.” అది నా గది గోడకెక్కింది. అణచివేత పరిష్కారం కాదు, మనసుకైనా సమాజానికైనా ఒకటే సూత్రం అని స్నేహితుల చెవులు చిల్లులు పడేలా ఉపన్యాసాలిచ్చాను.

అక్క సంగతి మీకు తెలుసు. మురికంటే భయం. మూడేళ్ళుగా కడిగి కడిగి వేళ్ళ సందుల్లో చర్మం ఊడింది. తలుపు గడియ మోచేత్తో తీసేది. ఈ వైద్యంలో భయం పోదు, దాన్ని వెంటబెట్టుకుని బతకడం వస్తుందన్నారు. అక్క సరేనంది.

నాలుగో వారం, మధ్యాహ్నం మూడు గంటలు. సెల్లార్‌లో గది, తెరలు దించి ఉన్నాయి. ఎనిమిది మంది, ఒక్కొక్కరి ఎదుట ఒక ఖాళీ కుర్చీ; తోడొచ్చిన నాకు లేదు. వాళ్ళకి ధైర్యం రావాలని మీరూ ఒకటి ముందేసుకున్నారు. కళ్ళు మూసుకుని భయాన్ని బయటికి తీసి ఆ కుర్చీలో పెట్టండి, దాని రంగేమిటో, బరువెంతో, వాసనేమిటో చూడండి అన్నారు.

“తడిగా ఉంది,” అక్క గొణిగింది. “సింకు గొట్టంలోంచి తీసిన జుట్టులా... బంకగా. నన్నే చూస్తోందిరా.”

“కళ్ళున్నాయా?”

“లేవు. అయినా చూస్తోంది.”

ఆ తర్వాత చేతులు చాచి దాన్ని ఒళ్ళోకి, ఒళ్ళోంచి గుండెలోకి తీసుకోవాలి. అసలు వైద్యమంతా అదే. కానీ మూడున్నరకి ఆ గదిని మీవాళ్ళు ఇంకెవరికో ఇచ్చారు. తలుపు తట్టారు. మీరు చిన్న గంట మోగించారు.

“టైమైంది. మిగతాది ఇంట్లో చేసుకోండి.”

లైట్లు వెలిగాయి. తలుపు తెరుచుకుంది.

బస్సులో అక్క కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. “సబ్బు కంపెనీవాళ్ళు ఇక దివాలా తీస్తారు,” అని ఇంట్లో అమ్మ నవ్వింది.

మూడో రోజు అక్క బాత్రూం జాలీలో చిక్కిన జుట్టును వేళ్ళతో లాగి, అదే చేత్తో అన్నం కలిపింది. ఐదో రోజు చెత్తబుట్టలో పారేసిన కూర తీసుకు తింది. తెల్లటి పురుగు పెదవి మీద కదిలింది. నాలుకతో లోపలికి లాక్కుంది.

“ఉమ్మెయ్యి అక్కా.”

“ఎందుకురా?” నిజంగానే తెలియక అడిగింది.

తొమ్మిదో రోజుకి ఆసుపత్రి. రక్తంలో విషం పాకిందన్నారు. సెలైన్ సూది పీకేసి, ఆ రంధ్రాన్ని కఫం గిన్నెలో ముంచిన వేలితో కెలుక్కుంటోంది. ఇలాగైతే మా చేతుల్లో లేదన్నాడు డాక్టరు. జ్వరంలో నా చొక్కా పట్టుకుంది.

“నాది అక్కడే ఉండిపోయింది, తమ్ముడూ. తెచ్చిపెట్టవూ?”

మంగళవారం మధ్యాహ్నం మీ సెల్లార్‌కి వచ్చాను. మీరు లేరు. ఊడ్చే ఆవిడ తాళం తీసింది కానీ గడప దాటలేదు.

“ఆ కుర్చీలు ఎంత తుడిచినా ఆరవు బాబూ. గుడ్డ పిండితే నీళ్ళు కాదు, ఎంగిలి కారుతోంది.”

లోపల మురుగు వాసన. దాని అడుగున పుండు వాసన, పాచి నోటి వాసన. ఎక్కడో చుక్క చుక్కగా పడుతోంది. ఆ గదిలో కుళాయి లేదు.

అక్క కూర్చున్న చోటే కూర్చున్నాను. మీరు నేర్పినట్టే చేతులు చాచాను.

“రా...”

ఏమీ లేదు. తర్వాత... వేలికి ఏదో చుట్టుకుంది. చల్లగా. వెంట్రుక. ఒకటి కాదు... మణికట్టు దాకా... బంక. చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఒళ్ళోకి తీసుకున్నాను. గుండెకి హత్తుకున్నాను. అది లోపలికి వెళ్ళింది... చప్పరిస్తూ.

లేవబోయాను. ఒడి ఇంకా బరువుగానే ఉంది.

ఆసుపత్రిలో అక్క చెయ్యి పట్టుకున్నాను. నా వేళ్ళలోంచి బంకగా ఏదో జారి ఆమెలోకి వెళ్ళింది; చెయ్యి విదిలించుకుంది.

“ఛీ, చేతులు కడుక్కోరా.”

అంత తియ్యటి తిట్టు నేనెప్పుడూ తినలేదు. అమ్మ ఏడుస్తూ సబ్బు కోసం పరిగెత్తింది. మర్నాటికి జ్వరం దిగింది.

అప్పుడు అక్క నా ఛాతీ వైపు చూసింది. మంచం చివరిదాకా జరిగింది.

“నాది వచ్చేసింది. ఆ రెండోది ఎవరిదిరా?”

మీ జాబితాలో పేర్లు ఎనిమిది. ఆ గదిలో తడి కుర్చీలు తొమ్మిది. ఆ రోజు మీది మీరు ఎత్తుకున్నారా? ప్రశ్నించడం నా హక్కు, జవాబు చెప్పడం మీ బాధ్యత.

నా పక్కటెముకల కింద చిన్న గంట మోగుతోంది. నిన్న అది మోగినప్పుడు అక్క నాకేదో చెప్పుకుని ఏడుస్తోంది. నేను “టైమైంది” అని మధ్యలోనే లేచి, లైటార్పి, బయటికొచ్చి తలుపేశాను. మెట్లు దిగేదాకా నాకేమీ అనిపించలేదు.

పదిహేనున కొత్త బ్యాచ్ అని మీ బోర్డు మీద చూశాను. అదే గది, అవే కుర్చీలు. ఈ నెల పద్నాలుగో తేదీ సాయంత్రం ఐదింటిలోగా నాకు జవాబు కావాలి.