దింపుడు కళ్లం దగ్గర సుగాత్రి

కుంభగిరి రాజు భద్రసేనుడు వేటకు వెళ్లి, ఊపిరి లేకుండా పల్లకిలో తిరిగివచ్చాడు. అడవిలో గండోదరుడనే రాక్షసుడు తల్లికి పాడె కడుతుంటే, రాజు గుర్రం దిగకుండా ఆ పాడె మీదుగా దూకించాడు. రాక్షసుడు అతని ఊపిరి లాగి భరణిలో మూసేశాడు.

"ఊపిరి లేనివాడు పోయినట్టే. పొద్దు వాలేలోగా దహనం కానివ్వాలి," అన్నాడు మంత్రి. సింహాసనం మీద అతనికి ఎప్పటినుంచో కన్నుంది.

రాజకుమార్తె సుగాత్రి వేటకు వెళ్లినవాళ్ల నోట జరిగింది విని వెంటనే గుర్రమెక్కింది. అడవి అంచున గుర్రం బెదిరి ఆగిపోతే, నడిచి రాక్షసుడి గుహ చేరింది.

"మా నాన్న చేసింది తప్పే. ఆయన ఊపిరి ఇచ్చెయ్ మామా!"

"వరస కూడా కలిపావే! మీ నాన్న వేటకుక్కలకు జడిసి మావాళ్లంతా పారిపోయారు. అమ్మను మోయడానికి రెండో మనిషి లేడు. కాటిదాకా నువ్వు పట్టు, ఇస్తాను."

సుగాత్రి పాడె ఒక కొస భుజానికెత్తుకుని పరుగు తీయబోయింది. పాడె బరువెక్కింది. మోకాళ్లు నేలకు తగిలాయి.

"మా అమ్మ మంత్రగత్తె. తొందరపెడితే కదలదు," అన్నాడు రాక్షసుడు.

ఆమె లేచి అడుగులో అడుగు వేసింది. బరువు తగ్గింది. పొద్దు ఎంత వాలిందోనని చూసినప్పుడల్లా పాడె భుజాన్ని నొక్కింది. ఆమె చూడటం మానేసింది.

సగం దారిలో ఆగి, "దించు మామా," అంది.

"ఎందుకు? త్వరగా కానిద్దాం. అమ్మనిలా చూడలేకపోతున్నాను."

"ఇది దింపుడు కళ్లం. ఇక్కడ దించి చెవిలో పిలవాలి. ప్రాణం ఏ మూలనైనా ఉంటే లేస్తారని మావాళ్లు పిలుస్తారు."

"నీకు పొద్దు దాటిపోతుందే, పిల్లా!"

"పిలువు."

రాక్షసుడు వంగి, "అమ్మా," అన్నాడు. కాసేపు ఆగి మళ్లీ పిలిచాడు. తల్లి లేవలేదు. అప్పుడు వాడు నేలమీద కూలబడి ఏడ్చాడు. సుగాత్రి పక్కన కూర్చుంది. లెమ్మని అనలేదు.

చితి అంటించాక రాక్షసుడు భరణి ఇచ్చి, ఆమెను భుజాన ఎక్కించుకుని కొండలు దాటి నగరం పొలిమేరలో దింపాడు.

రాజు పాడె అప్పటికే సగం దారి దాటబోతోంది.

"ఇక్కడ ఆగేదేం లేదు, నడవండి!" అని మంత్రి అరుస్తున్నాడు.

"దించండి," అంది సుగాత్రి.

మోసేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని దించారు. ఆమె తండ్రి ముక్కు దగ్గర భరణి మూత తీసి, చెవిలో "నాన్నా" అని పిలిచింది. రాజు కదలలేదు.

"చూశారుగా! ఎత్తండి!" అన్నాడు మంత్రి.

"ఎవరూ ముట్టుకోకండి," అంది సుగాత్రి. ఊపిరి లోపలికి దిగేదాకా కూర్చుంది. రాజు గుండె మీద దండ కొద్దిగా లేచింది. అప్పుడు మళ్లీ పిలిచింది.

రాజు కళ్లు తెరిచాడు. "ఎందుకే ఆ కేక? నేనేం చెవిటివాణ్నా?"

జనం నవ్వుతూ ఏడ్చారు. మంత్రి ఒక్కడే అడవి వైపు పరుగు తీశాడు. రాజు పాడె మీదే లేచి కూర్చుని, తన ముద్ర ఉంగరం తీసి కూతురి వేలికి తొడిగాడు. ఆ తరవాత కుంభగిరిని ఏలింది సుగాత్రే.